పామంటే భయమున్నవాళ్లు పాముతో ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తే

మా ఊళ్లో పొద్దు మునిగాక పాము అనే మాట ఎత్తరు. పురుగు అంటారు. కరిచినా "పురుగు ముట్టింది" అనే చెబుతారు. శింగనమల దగ్గరి పల్లెలో అలా పెరిగినదాన్ని నేను. పెళ్లయి అనంతపురం పాతూరులో కాపురం పెట్టిన నాలుగేళ్లకు, ఒక రాత్రి అన్నాల దగ్గర మా బావ "పామును పెంచుకుందామా?" అని అడిగాడు. బావ అంటే మా మేనమామ కొడుకే, నేను చేసుకున్నది ఆయన్నే. చిన్నప్పటి నుంచి నా భయాన్ని చూసిన మనిషి. తెలిసి కూడా అడిగాడంటే ఎంత మనసు పడ్డాడో అర్థమైంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. రెండుసార్లు లేచి దుప్పటి దులిపాను.

ఇప్పుడు మా ముందుగదిలో అద్దాల పెట్టె ఉంది. అందులో ఒక బాల్ పైథాన్, అంటే చిన్న జాతి కొండచిలువ, ఉంది. అదే గదిలో మిషన్ ముందు కూర్చుని నేను బ్లౌజులు కుడతాను. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నేను డాక్టర్‌ని కాను. నాకు పనికొచ్చిన దారి మీకు కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా భర్తో, భార్యో ఇలాగే అడిగి ఉంటే, అవును అనడానికీ కాదు అనడానికీ తొందరపడకండి. ముందు ఇది చదవండి.

మొదట రెండు మాటలను విడదీయండి

భయం తగ్గించుకోవడం ఒక విషయం. పాము ఇంటికి రావడం ఇంకో విషయం. నేను మొదట్లో ఈ రెంటినీ ఒకటే అనుకున్నాను. అందుకే ఏ చిన్న ప్రయత్నం చేయాలన్నా కాళ్లు ఆడేవి కావు. "ఇప్పుడు ఈ ఫొటో చూశానంటే రేపు పామును తెచ్చేస్తాడు" అనే లెక్క మనసులో నడుస్తూ ఉండేది. అలా ఉన్నంతకాలం భయం తగ్గదు, తగ్గడం మనకే ఇష్టముండదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావను కూర్చోబెట్టి చెప్పాను. "నా భయం నేను తగ్గించుకుంటా బావా. అది నా కోసం. తగ్గాక కూడా ఇంట్లో వద్దంటే నువ్వు అలగకూడదు." ఒప్పుకున్నాడు. దానితో పాటు ఇంకో మూడు మాటలు తీసుకున్నాను. నాకు చెప్పకుండా పాముకు సంబంధించిన దేన్నీ ముందు పెట్టకూడదు. నేను "చాలు" అంటే వెంటనే ఆపాలి, ఎందుకని అడగకూడదు. నవ్వకూడదు.

ఈ మాటలు ఊరికే తీసుకున్నవి కావు. అంతకు ముందు వారం ఆయన ఒక రబ్బరు పామును నా మిషన్ మీద పెట్టాడు. అలవాటు చేద్దామనే మంచి ఉద్దేశమే. నేను వెనక్కి పడిపోయాను, మోచెయ్యి గోడకు తగిలి వారం రోజులు కుట్టు ఆగిపోయింది. ఆ తర్వాత నెల రోజులు మిషన్ మీద గుడ్డ తీయాలన్నా ముందు కర్రతో కదిపి చూసేదాన్ని. పామును పెంచాలని కోరుకునే వాళ్లకు ఒక మాట చెబుతాను, దయచేసి గట్టిగా పట్టించుకోండి. ఉలిక్కిపడేలా చేస్తే భయం పోదు. అప్పటిదాకా పాము మీదే ఉన్న భయం మీ మీదకు కూడా వస్తుంది.

ఏ భయం ఉంచుకోవాలి, ఏది వదలాలి

నాకు తొమ్మిదేళ్లప్పుడు బర్రెకు మేత వేయడానికి వామిలోంచి శెనక్కాయ కట్టె లాగుతుంటే ఒక పాము నా ముంజేతి మీదుగా జారి పోయింది. కరవలేదు. నాయన దాన్ని కొట్టి చంపాడు. అది జెర్రిపోతని, విషం లేనిదని, ఎలుకలను తిని మన పంటనే కాపాడుతుందని ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. కానీ ఆ జారిన స్పర్శ నా చేతి మీద ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది. ఫోన్‌లో పాము వీడియో కనబడితే ఫోన్ విసిరేసేదాన్ని. రాత్రి బాత్‌రూముకు వెళ్లాలంటే ఇంట్లో అన్ని లైట్లూ వేయాల్సిందే.

చేలోకి వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవడం, చీకట్లో టార్చి పట్టుకోవడం, వామిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టడం, ఇవి కూడా భయంలోంచి వచ్చినవే. వీటిని ఉంచుకోవాలి. మన సీమలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ ఉన్నాయి, నాలుగూ ప్రాణం తీయగలవి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. ఏ పాము కరిచినా కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలూ గాజులూ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108 పిలిచి ఆస్పత్రికి తీసుకుపోవాలి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. మంత్రగాళ్ల దగ్గర పోగొట్టుకున్న గంట మళ్లీ రాదు. విరుగుడు మందు ఆస్పత్రిలోనే ఉంటుంది.

ఈ దారిలో నడిచాక బయటి పాముల దగ్గరికి ధైర్యంగా పోవచ్చని అనుకోవద్దు. నేను వదిలించుకున్నది ఫోన్ విసిరేసే భయాన్ని. టార్చి పట్టుకునే భయం ఇంకా నా దగ్గరే ఉంది.

కొలతల పుస్తకంలో కొత్త గడి

నా కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, చెయ్యి, మెడ అని గడులు ఉంటాయి. వెనక పేజీల్లో ఇంకో నాలుగు గడులు గీశాను. తేదీ, ఏం చేశాను, దూరం, భయం. భయానికి సున్నా నుంచి వంద దాకా మార్కులు. వంద అంటే వామి దగ్గరి రోజు. సున్నా అంటే మధ్యాహ్నం భోంచేసి పడుకున్నట్టు. మనసు డాక్టర్లు కూడా ఇలాగే సున్నా నుంచి వంద దాకా కొలిపిస్తారని తర్వాత తెలిసింది.

పద్ధతి ఒక్కటే. తక్కువ భయపెట్టే దాంతో మొదలుపెట్టి, దాని ముందు కూర్చోవాలి. భయం పైకి లేస్తుంది. లేచినప్పుడు పారిపోకూడదు. అక్కడే ఉంటే కాసేపటికి అదే దిగుతుంది. గుండె దడ గంటల తరబడి ఒకే ఎత్తులో కొట్టుకోలేదు. మార్కులు సగానికి దిగాకే లేవాలి. పైన ఉన్నప్పుడు లేచి పోతే, పారిపోబట్టే బతికామని ఒళ్లు నేర్చుకుంటుంది, మరుసటి రోజు ఇంకా ఎక్కువ భయపడుతుంది. నేను మొదటి వారంలో రెండుసార్లు ఆ తప్పు చేశాను.

నా మొదటి మెట్టు ఫొటో కూడా కాదు. దీపాలు పెట్టే వేళ వాకిట్లో నిలబడి "పాము" అని పైకి అనడం. 40 మార్కులు. నాలుగు రోజులు, రోజుకు పదిసార్లు. మీ ఇంట్లో ఆ మాటకు అడ్డు లేకపోతే ఈ మెట్టు మీకు అక్కర్లేదు. ఎవరి మెట్లు వాళ్లవి, నావి ఉన్నవి ఉన్నట్టు తీసుకోకండి. తర్వాత పెన్సిల్‌తో బొమ్మ గీయడం. ఆ తర్వాతే ఫొటో.

ఫొటోను ఫోన్‌లో పెట్టి బల్లకు ఆ చివర నిలబెట్టాడు బావ. నేను ఇంచుటేపు పూర్తిగా, అంటే 60 అంగుళాలు, పరిచి ఈ చివర కూర్చున్నాను. 75 మార్కులు. అరచేతులు తడిసిపోయాయి. ఇరవై రెండు నిమిషాలకు 35కు దిగింది. మరుసటి రోజు అదే ఫొటో, అదే దూరం, మొదలే 60. మూడో రోజు 50. అప్పుడు పది అంగుళాలు దగ్గరికి జరిపాను. టేపు ఉండటం నాకు చాలా సాయం చేసింది. "కొంచెం దగ్గరికి రా" అంటే ఒళ్లు ఒప్పుకోదు గానీ, "పది అంగుళాలు" అంటే ఒప్పుకుంది.

వీడియోలు ఫొటోలకంటే చాలా కష్టం. నాది ఆకారం భయం కాదు, ఆ పాకే తీరు భయం. సౌండ్ ఆపి, సగం వేగంతో చూశాను. పాకడం నెమ్మదిగా చూస్తే తెలిసింది, పాము మన మీదకే వస్తున్నట్టు అనిపించేదంతా అది దారి వెతుక్కోవడమేనని. నాలుక ఆడించడం కోపం కాదు, అది వాసన చూడటం. గాలిలోని వాసనను నాలుకతో తీసుకుని నోట్లో పైన ఉండే ఒక భాగానికి అందిస్తుంది. పగబట్టడం, పాలు తాగడం లాంటివి పాముకు లేవు. శ్రావణంలో నాగుల కట్ట మీద అమ్మ పాలు పోస్తుంటే నేను దూరంగా చిమ్మిలి గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. భక్తి తప్పని నేను అనడం లేదు. పంపనూరు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి ఇప్పటికీ పోతాను. కానీ పగ అనే మాట మనసులో ఉన్నన్నాళ్లూ ఏ పామును చూసినా అది నన్నే చూస్తున్నట్టుండేది. ఆ మాట పోగానే సగం బరువు దిగింది.

కుబుసం దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగాను. బెంగళూరులో బావ స్నేహితుడు బాల్ పైథాన్‌ను పెంచుతాడు, అతను కవర్లో పెట్టి పంపించాడు. 85 మార్కులు. స్టీలు తట్టలో పెట్టి గదికి ఆ మూల ఉంచి, రోజూ కాసేపు చూశాను. తర్వాత కత్తెర మొనతో ముట్టాను. తర్వాత సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తాన్ వేలికి తొడుక్కుని. తర్వాత ఉత్త వేలితో. ముట్టుకున్నాక నాకు తెలిసిన గుడ్డ గుర్తొచ్చింది, ఆర్గంజా. అంతే పల్చన, అంతే చప్పుడు. ఒక్కో పొలుసు అచ్చు దారపు గడిలా పడి ఉంది. తల దగ్గర కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే కళ్లున్న చోట రెండు చిన్న గాజు బిళ్లల్లాంటివి ఉన్నాయి. పాముకు రెప్పలుండవు, ఆ బిళ్లలే కళ్లను కాపాడతాయి, కుబుసంతో పాటు అవీ ఊడొస్తాయి. అది రెప్ప వేయకుండా చూస్తుందని ఇన్నేళ్లు భయపడ్డాను. వేయడానికి దానికి రెప్పలే లేవు.

బెంగళూరు రోజులు

ఫొటో నుంచి నేరుగా బతికున్న పాముకు దూకకుండా మధ్యలో అద్దం పెట్టుకోండి. మేము బన్నేరుఘట్ట జూకు వెళ్లాం. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్లండి. పాములున్న చోట జనం తోసుకుంటారు కాబట్టి తెరవగానే వెళ్లాలి. అక్కడ గంటన్నర ఉన్నాం. బావ నాకంటే రెండడుగులు ముందు నిలబడ్డాడు, చేతులు జేబులో పెట్టుకుని, మామూలుగా. అది ఆయన ఎక్కడో చదివి తెలుసుకున్నది. 1969లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా, ఆయన తోటి పరిశోధకులు పాముల భయం ఉన్నవాళ్ల మీద చేసిన పనిలో, ఊరికే ఊహించుకున్నవాళ్లకంటే, సినిమా చూసినవాళ్లకంటే, ఒక మనిషి ముందు చేసి చూపించి తర్వాత పక్కనుండి చేయించినవాళ్లకే ఎక్కువ గుణం కనిపించిందట. నా అనుభవం కూడా అదే.

స్నేహితుడి ఇంటికి నాలుగుసార్లు వెళ్లాం. నేల మీద నా టైలరింగ్ చాక్‌తో గీతలు గీశాను. మొదటిసారి పన్నెండు అడుగుల దగ్గర, పెట్టె మూసే ఉంది. రెండోసారి ఆరడుగుల దగ్గర, మూత తీశారు. మూడోసారి అతను చేతిలో పట్టుకున్నాడు, నేను గీత మీదే కూర్చున్నాను. బెదిరినప్పుడు అది తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంది. బాల్ పైథాన్ అనే పేరు దానికి అందుకే వచ్చిందట. నాకంటే అదే ఎక్కువ భయపడుతోందని ఎవరో చెబితే నమ్మేదాన్ని కాదు, కళ్లతో చూశాను కాబట్టి నమ్మాను.

నాలుగోసారి ముట్టుకున్నాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను, ఎందుకంటే తిండి వాసన ఉంటే వేలిని ఎర అనుకోవచ్చు. తల స్నేహితుడి చేతి వైపు, తోక నా వైపు. రెండు వేళ్లు, మధ్య ఒంటి మీద. తడిగా, జిగటగా ఉంటుందని అనుకున్నాను. పొడిగా ఉంది, కొంచెం చల్లగా ఉంది. తల నుంచి తోక వైపు వేలు పోనిస్తే ధర్మవరం పట్టు మీద జారినట్టు జారింది. వేళ్ల కింద ఒక్కసారి కండ కదిలింది. ముంజేతి మీద వామి నాటి జలదరింపు పైకి వచ్చింది, 90. "చాలు" అనలేదు. వేళ్లు తీయలేదు. అది ఊపిరి తీస్తుంటే పక్కలు పొంగడం, తగ్గడం చూస్తూ ఉన్నాను. పదహారు నిమిషాలు. 30. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బావ నీళ్ల సీసా చేతికిచ్చి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు.

ముట్టుకున్నాక కూడా సబ్బుతో చేతులు కడగాలి, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లల చేత అసలు ముట్టించకండి.

ఇంటికి తెచ్చే ముందు

మన దేశపు పామును ఏదీ ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, జైలు దాకా పోతుంది. అదృష్టమని అమ్మే రెండు తలల పాము కూడా అందులోదే, దాని జోలికి పోవద్దు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. విషం లేదు. అది అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది కాబట్టి, 2022 చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. మాకు మొదట దొరికిన అమ్మేవాడు "కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నాడు. బావ మనసు ఊగింది. నేను వద్దన్నాను. అమ్మేవాళ్ల పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందా, మన పేరుకు మార్పిడి ఎలా జరుగుతుంది అని అటవీ శాఖ ఆఫీసులో అడిగి, కాగితం చేతికొచ్చాకే పాము రావాలి. మాకు దీనికే ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ ఖాళీ పెట్టె ముందుగదిలో ఉండటం కూడా నాకు ఒక మెట్టే అయింది.

ఇంకా ఆలోచించాల్సినవి చాలా ఉన్నాయి. ఇది 20, 30 ఏళ్లు బతుకుతుంది. మూడు నుంచి ఐదడుగులు పెరుగుతుంది. పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల దగ్గర, ఇంకో పక్క 25, 26 దగ్గర ఉండాలి. మన అనంతపురం ఏప్రిల్‌లో నలభై దాటుతుంది, కాబట్టి ఇక్కడ వేడి చేయడంకంటే చల్లబరచడమే పని. గాలిలో తేమ 55, 60 శాతం కావాలి, మనది పొడి గాలి. కొబ్బరి పీచు తడిపి వేస్తాం, నీళ్ల గిన్నె పెద్దది పెట్టాం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిచేలా బావ వైరింగ్ మార్చాడు.

నా షరతులు పుస్తకంలో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. పెట్టెకు రెండు వైపులా తాళం, ఎందుకంటే చిన్న సందు దొరికినా పాము బయటపడుతుంది. గడ్డకట్టించిన ఎలుకలు నా వంటింటి ఫ్రిజ్‌లో ఉండకూడదు, దానికి వేరే చిన్న ఫ్రిజ్ కొన్నాం. తిండి పెట్టేది బావే, తిన్న రెండు రోజుల దాకా ఎవరూ ముట్టరు. కళ్లు పాలలా తెల్లబడితే కుబుసం విడవబోతోందని అర్థం, అప్పుడూ ముట్టరు. పడకగదిలోకి ఎప్పుడూ రాకూడదు. బావ ఊరికి పోతే చూసుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి, నా మీద వదలకూడదు. ఆరు నెలల తర్వాత నేను వద్దంటే కాగితాలతో సహా ఇంకొకరికి అప్పగించాలి. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. వెనక్కి పోయే దారి తెరిచి ఉందని తెలిస్తేనే ముందుకు అడుగు పడుతుంది.

మెట్టు దగ్గర ఆగిపోతే దాన్ని రెండుగా చీల్చండి. అది కూడా కుదరక, ఫొటో చూసినా ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం ఉంటే ఒంటరిగా చేయకండి. మనసు డాక్టర్ పక్కనుండి చేయిస్తే త్వరగా తగ్గుతుంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఇంట్లో ఎవరినైనా పాము కరిచి పోగొట్టుకున్నవాళ్లయితే మాత్రం మొదటి మెట్టు నుంచే అలాంటివాళ్ల సాయం తీసుకోండి.

ఇంటికి వచ్చి వెళ్లేవాళ్ల భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్లౌజు కొలతలకు వచ్చేవాళ్లకు నేను వాకిట్లోనే ముందు చెప్పేస్తాను, ఇష్టం లేనివాళ్లకు వెనక వరండాలో కొలతలు తీసుకుంటాను. అమ్మ పల్లె నుంచి వచ్చినప్పుడు పెట్టె మీద మందపాటి దుప్పటి కప్పుతాం. ఆమె దాన్ని ఇంతవరకూ చూడలేదు, చూడమని నేను అడగలేదు. ఇప్పటికీ దాన్ని పురుగు అనే అంటుంది. పడుకునే ముందు బావ రెండు తాళాలూ వేసి, "ఇదిగో అత్తా" అని తాళంచెవులు ఆమె చేతికిస్తాడు. అమ్మ వాటిని కొంగున ముడేసుకుని పడుకుంటుంది.